మైక్రోసాఫ్ట్ కొత్త సెర్చ్ ఇంజన్ బింగ్: హన్మకొండ నెట్ సెంటర్ల వాడి చూసినంక

మైక్రోసాఫ్టోళ్ల కొత్త సెర్చ్ ఇంజన్ బింగ్ 2009 జూన్ 3 నుంచి అందరికి పూర్తిగ ఓపెన్ అయింది, అప్పటిసంది మా నెట్ సెంటర్ల సగం సిస్టమ్స్‌కు హోమ్ పేజీ అదే పెట్టిన. ఇది 2009ల రాసిన ముచ్చట, ఇండ్ల చెప్పిన పేజీలు, సెట్టింగులు, లెక్కలు అన్నీ అప్పటియే. మాది నయీంనగర్ దిక్కు, చుట్టు అన్ని కాలేజీలే, ఇప్పుడు ఎంసెట్ ర్యాంకులని ఒకలు, ఇంటర్ సప్లిమెంటరీ అని ఒకలు, డిగ్రీ అడ్మిషన్లని ఇంకొకలు, షటర్ లేపినకాడికెల్లి రాత్రి దాక కుర్చీ ఖాళీ ఉండదు. ఒక సెర్చ్ ఇంజన్ ఏపాటిదో తెల్వాలంటే గిసొంటి జాగల పెట్టి చూడాలె. ఎందుకంటె ఇక్కడికొచ్చేటోళ్లు టైంపాస్‌కు రారు, గంటకు పైసలు కట్టి కూసుంటరు, పని కావాలె, పోవాలె.

ముందుగాలనే చెప్త. బొమ్మలు, వీడియోలు వెతకాలంటే ఆలోచన చెయ్యకుండ బింగ్‌కే పోండ్రి. ఇంగ్లీష్‌ల చదువు సంగతులకు బింగ్ గూగుల్ కంటె ఏం తక్కువ లేదు. తెలుగుల వెతికేటోళ్లకు, మన జిల్లా ముచ్చట్లు కావాల్నంటే మాత్రం ఇంకా గూగుల్‌దే పైచెయ్యి అని నా అభిప్రాయం, అయితే అండ్ల సెర్చ్ ఇంజన్ల తప్పు ఎంత, మన తప్పు ఎంత అనేది కింద రాస్త, అది మాట్లాడాల్సిన ముచ్చటనే.

కొద్దిగ వెనక కథ. మైక్రోసాఫ్ట్‌కు సెర్చ్ కొత్త పని గాదు, 1998లనే ఎంఎస్ఎన్ సెర్చ్ అని పెట్టిండ్రు, కాకపోతె చానా ఏండ్లు రిజల్ట్స్ వేరే కంపెనీల దగ్గరికెల్లి తెచ్చుకున్నరు, సొంత ఇంజన్ 2005ల వచ్చింది. 2006ల విండోస్ లైవ్ సెర్చ్ అన్నరు, తర్వాత ఉత్త లైవ్ సెర్చ్ అన్నరు, మా సెంటర్‌కు వచ్చే పోరగాండ్లల్ల ఆ పేరుతోని దాన్ని వాడినోన్ని నేనైతే చూడలే. 2008 ఫిబ్రవరిల యాహూనే మొత్తం కొనేస్తమని 44.6 బిలియన్ డాలర్లకు అడిగిండ్రు, యాహూ ఒప్పుకోలే. అదే ఏడు ఫేర్‌కాస్ట్ అని విమానం టికెట్ రేట్లు అంచనా వేసే కంపెనీని కొన్నరు, పవర్‌సెట్ అని ఉత్త మాటలు కలుస్తున్నయా లేదా చూసుడు గాకుండ వాక్యం అర్థం పట్టుకొని వెతికే కంపెనీని కొన్నరు. లోపల ఉద్యోగులతోని కుమో అనే పేరు మీద టెస్ట్ చేయించి, 2009 మే 28 నాడు మైక్రోసాఫ్ట్ అప్పటి సీఈఓ స్టీవ్ బామర్ కాలిఫోర్నియాల ఒక కాన్ఫరెన్స్‌ల బింగ్ అని బయట పెట్టిండు. అదే దినం గూగులోళ్లు వేవ్ అని కొత్తది ఒకటి చూపెట్టిండ్రు, దాంతోని సగం ప్రపంచం అటు చూసింది. ఇంకో ముచ్చట, 2009ల మైక్రోసాఫ్ట్‌ల ఈ ఆన్‌లైన్ విభాగం ఇంజనీరింగ్ చూసుకునే పెద్దలల్ల మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌ల చదువుకున్న సత్య నాదెళ్ల ఉన్నడు, అది చెప్తె మా దగ్గరికొచ్చే బీటెక్ పోరలకు మొఖాలు వెలిగినయి, నాక్కూడ మస్తు సంబురమైంది.

ఇగ పేజీ సంగతి. గూగుల్ అంటె తెల్ల పేజీ, నడుమ డబ్బా, అంతే. బింగ్ ఓపెన్ చేస్తె పేజీ నిండ ఒక ఫొటో ఉంటది, దినానికొకటి మారుతది, ఒకనాడు కొండలు, ఒకనాడు సముద్రంల చేపలు. ఉత్త ఫొటోనే గాదు, దాని మీద మౌస్ అటిటు తిప్పితె అక్కడక్కడ చిన్న చిన్న చదరాలు లేస్తయి, ఆ చదరం మీద ఆపితె ఆ జాగ గురించో ఆ జంతువు గురించో ఒక ముక్క రాసి ఉంటది, నొక్కితె దాని మీద సెర్చ్ అయితది. పెద్దోళ్లు దాన్ని చూసి చూడనట్టు పోతరు గని పిల్లలు వదలరు. మా అన్న బిడ్డ ఆరో తరగతి, సెంటర్‌కొస్తె ముందుగాల ఆ చదరాలన్ని ఎక్కడున్నయో దేవులాడుతది, గట్ల దేవులాడుకుంట ఎక్కడెక్కడి దేశాల పేర్లు నేర్చింది. నెట్ స్పీడ్ తక్కువున్న జాగల ఇంత పెద్ద ఫొటో ఎందుకని కొందరు అంటున్నరు, ఆ మాటల న్యాయం ఉన్నది, మాది 256 కేబీపీఎస్ లైను, దాన్నే అన్ని సిస్టమ్స్‌కు పంచుతం. అయితె టైప్ చేసే డబ్బా ముందుగాల వస్తది, ఫొటో వెనకకెల్లి నిండుతది, ఫొటో కోసం ఆగే పని లేదు, ఒక్కసారి దిగినంక ఆ సిస్టమ్‌ల ఆ దినమంత మళ్ల దిగదు.

బొమ్మల సెర్చ్ గురించి మాత్రం ఎంత రాసినా తక్కువనే. గూగుల్ ఇమేజెస్‌ల పేజీకి ఇన్ని బొమ్మలు అని వస్తయి, కింద 2, 3, 4 అని నొక్కుకుంట పోవాలె, పేజీ పేజీకి ఆగాలె. బింగ్‌ల పేజీలు లేవు. కిందికి జరుపుకుంట పోతుంటె బొమ్మలు వచ్చుకుంటనే ఉంటయి. ఎడమ పక్క సైజు, ఆకారం, రంగు, ఫొటోనా గీసిన బొమ్మనా, మొఖం ఒక్కటేనా భుజాల దాకనా అని అన్నీ విడివిడిగ ఉన్నయి. మా పక్క సందుల ఒక అన్న ఫ్లెక్సీలు కొడ్తడు, లగ్గాలు, బర్త్‌డేలు, లీడర్ల స్వాగతం బోర్డులు, ఆయనకు రోజు కావాల్సింది ఏందంటె పెద్ద సైజు బొమ్మ, చిన్నది తీసుకపోయి పది ఫీట్ల ఫ్లెక్సీ మీద సాగదీస్తె గళ్లు గళ్లు కనబడ్తది. ఆయనను కూసోబెట్టి బింగ్‌ల వినాయకుడి బొమ్మలు తీసి, సైజు దగ్గర లార్జ్ అని నొక్కి చూపెట్టిన, బ్యాక్‌గ్రౌండ్ తెల్లగ ఉన్నయి గూడ మస్తుగ వచ్చినయి, కట్ చేసుడు అల్కగ అయితది గదా. అన్నకు ఎంత నచ్చిందంటె చవితికి ఇంకా రెండు నెలలున్నా అప్పుడే బొమ్మలన్ని సీడీల కొట్టించుకొని పోయిండు. (వేరేటోళ్లు తీసిన ఫొటోలు అడగకుండ వాడుడు మంచిది గాదని ఆయనకు చెప్పిన, మీకు గూడ చెప్తున్న.)

స్కూల్ పిల్లల ప్రాజెక్టులకు గూడ ఇదే. ఒక సారు కాకతీయుల మీద చార్ట్ చెయ్యమన్నడని ఏడో తరగతి పిల్లలు వచ్చిండ్రు. కోటల ఉన్న తోరణాలు, వేయిస్తంభాల గుడి నంది, రామప్ప దగ్గరి మదనికలు, అన్నీ బింగ్‌లనే తీసినం. రామప్ప అని ఇంగ్లీష్‌ల కొట్టి, సైజు పెద్దది పెట్టి, ఒక మదనిక బొమ్మ తెరిస్తె నల్లరాతి నునుపు, మెడల హారం పూసలు సుత లెక్క పెట్టొచ్చు, పిల్లలు స్క్రీన్ దగ్గరికి మొఖం పెట్టి చూసిండ్రు. 1213ల రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది, పాలంపేట మనకు గంటన్నర దూరం, ఆ పిల్లలల్ల సగం మంది ఇప్పటిదాక పోలేదట. సెర్చ్ ఇంజన్ పనితనం అంటె నాకు గిది. ఎక్కడో అమెరికాల కూసున్నోడు చేసిన సామాను మన పిల్లగానికి మన గుడిని దగ్గరికి తెచ్చి చూపెట్టాలె.

వీడియోల దగ్గర ఇంకో కొత్త సంగతి ఉన్నది. రిజల్ట్స్‌ల చిన్న చిన్న డబ్బాలు వస్తయి, దేని మీద మౌస్ పెడితె అది అక్కడనే కొన్ని సెకన్లు ఆడ్తది, సౌండ్‌తోని సహా. ఓపెన్ చేసి, లోడ్ అయ్యేదాక ఆగి, ఇది గాదని వెనకకు వచ్చే తిప్పలు లేదు. దీని మీద మొదట్లనే పెద్ద లొల్లి అయింది, సేఫ్‌సెర్చ్ అనే అడ్డం పెట్టే సెట్టింగ్ తీసేస్తె చూడరాని వీడియోలు గూడ గట్లనే పేజీల ఆడ్తున్నయని స్కూళ్లోళ్లు, తల్లిదండ్రులు అమెరికాల అడిగిండ్రు. మైక్రోసాఫ్టోళ్లు దానికి తొందరగనే ఒక ఉపాయం చేసిండ్రు, అసొంటి బొమ్మలు, వీడియోలన్నిటిని వేరే డొమైన్ (వెబ్ అడ్రస్) కిందికి మార్చిండ్రు, ఇప్పుడు స్కూలోళ్లు, సెంటరోళ్లు ఆ ఒక్క డొమైన్‌ను బ్లాక్ చేస్తె సరిపోతది. మన దేశం సెట్టింగ్‌ల అయితె సేఫ్‌సెర్చ్ గట్టిగనే పెట్టిండ్రు. పెద్దోళ్లకు ఏం చూడాల్నో కంపెనీ చెప్పుడేంది అని వాదించేటోళ్లు ఉన్నరు, ఆ వాదన నాకు అర్థమైతది. గని పిల్లలు, ఆడపిల్లలు వచ్చి కూసునే సెంటర్ నడుపుతున్న నాకు ఇది పెద్ద నిమ్మళం.

ఇప్పుడు అసలు వెతుకుడు సంగతి. ఏదన్న కొట్టంగనే రిజల్ట్స్ గూగుల్ లెక్కనే వస్తయి, ఎడమ పక్క మాత్రం ఒక పట్టీ ఉంటది, అండ్ల దానికి సంబంధం ఉన్న వేరే సెర్చ్‌లు, అంతకుముందు మీరు వెతికినయి కనబడ్తయి. ఒక్కో రిజల్ట్ కుడి పక్కకు మౌస్ తీసుకపోతె నిలువు గీత మీద ఒక నారింజ రంగు చుక్క వస్తది, దాని మీద ఆపితె ఆ పేజీల ఏమున్నదో కొన్ని లైన్లు, లోపలి లింకులు పక్కకు తెరుచుకుంటయి. చూస్తానికి చిన్నదే గని స్పీడ్ లేని కాడ మస్తు పనికొచ్చేది ఇదే అని నేనంట. కాకతీయ యూనివర్సిటీల ఎంఎస్సీ చదివే ఒక చెల్లె లెక్చరర్ కొలువుకు రాసే నెట్ ఎగ్జామ్ సిలబస్ కోసం వచ్చింది, అంతకుముందు అయితె పది లింకులు తెరిచి పదింటి కోసం ఆగేది, ఇప్పుడు చుక్క మీద చుక్క చూసుకుంట పోయి పనికొచ్చే రెండే తెరిచింది, అరగంటల లేచి పోయింది. నాకు అరగంట పైసలు తక్కువొచ్చినా ఆ పిల్ల మళ్ల రేపు ఇక్కడికే వస్తది.

ఆ ఎడమ పట్టీ అసలు బలం కంట్రీ యునైటెడ్ స్టేట్స్ అని పెడితె తెలుస్తది. పేజీ పైన కుడి మూలకు దేశం పేరు ఉంటది, నొక్కి మార్చొచ్చు. అట్ల మార్చి డయాబెటిస్ అని కొడితె లక్షణాలు, తిండి, ముప్పులు, టెస్టులు అని వేరు వేరుగ పంచి పెడ్తది, మయో క్లినిక్ అసొంటి పెద్ద దవాఖానోళ్లు రాసిన సమాచారం పైన్నే చూపెడ్తది. మా అవ్వకు షుగర్ ఉన్నది, ఏం తినాలె ఏం తినొద్దని ఊర్ల తలా ఒక మాట చెప్తరు, అందుకే నేను ముందుగాల వెతికింది అదే. ఇంగ్లీష్‌ల చదివి ఇంటికాడ తెలుగుల చెప్పిన. మన దేశం పెడితె బీటా అని, అంటె ఇంకా పరీక్షల ఉన్నదని, ఉంటది, గిన్ని కేటగిరీలు రావు. ఫేర్‌కాస్ట్‌తోని తయారైన ట్రావెల్ గూడ గంతే, టికెట్ ఇప్పుడే కొను, జర ఆగు అని చెప్పుడు అమెరికా ఊర్లకే. కాజీపేట జంక్షన్ల రైలు టికెట్ వెయిటింగ్ లిస్టు కన్‌ఫర్మ్ అయితదా లేదా అని చెప్పే సెర్చ్ ఇంజన్ ఎవ్వడన్న తెస్తె ఆనికి వరంగల్ మొత్తం దండం పెడ్తది.

నెట్ సెంటరోళ్లకు, ఇంట్ల ఒక్కటే కంప్యూటర్ ఉన్నోళ్లకు ఒక ముఖ్యమైన మాట. ఆ ఎడమ పట్టీల ఇంతకుముందు వెతికినయి కనబడ్తయి అన్న గదా, అంటె మీరు లేచి పోయినంక కూసునేటోనికి మీరు ఏం వెతికిండ్రో తెలుస్తది. జబ్బు గురించి వెతికి ఉండొచ్చు, కొలువు గురించి వెతికి ఉండొచ్చు, అది వేరేటోనికి తెల్వాల్సిన పని లేదు. పక్కనే క్లియర్ ఆల్ అని ఉంటది, టర్న్ ఆఫ్ అని గూడ ఉంటది. నేను అన్ని సిస్టమ్స్‌ల టర్న్ ఆఫ్ చేసి పెట్టిన, మీరు వేరే సెంటర్‌కు పోతె లేచేటప్పుడు ఆ పని చేసుకోండ్రి, అట్లనే జీమెయిల్, యాహూ మెయిల్ సైన్ అవుట్ చేసుడు మర్వకుండ్రి.

రిజల్ట్స్ ఎవరివి మంచిగున్నయి అనే దాని మీద మా దగ్గర పోరలు రోజు కొట్లాడుకుంటరు. దీనికి ఒక మంచి మందు దొరికింది, 2009ల బ్లైండ్ సెర్చ్ అని ఒక సైట్ ఉండె, మైక్రోసాఫ్ట్‌ల పనిచేసే ఒకతను సొంతంగ తయారు చేసిండు. అండ్ల ఏదన్న కొడితె మూడు వరుసలల్ల రిజల్ట్స్ వస్తయి, ఒకటి గూగుల్, ఒకటి యాహూ, ఒకటి బింగ్, ఏది ఎవరిదో చెప్పడు, మీకు నచ్చినదానికి ఓటు వేస్తె అప్పుడు పేర్లు బయటపడ్తయి. మా పోరలు దీని మీద పడ్డరు. గూగుల్ తప్ప వేరేది ముట్టనని కూసున్న ఒక ఎన్ఐటీ తమ్ముడు జావా ప్రోగ్రాం ఎర్రర్ ఒకటి కొట్టి నడుమ వరుస మంచిగున్నదని ఓటేసిండు, చూస్తె అది బింగ్. ఆని మొఖం చూడాలె అప్పుడు! మళ్ల కొట్టిండు, ఈసారి గూగుల్‌కు పడ్డది, ఇంకోసారి యాహూకు గూడ పడ్డది. ఇంగ్లీష్‌ల, చదువు సంగతులల్ల ముగ్గురి నడుమ అంత తేడా లేదు, పేరు చూసి మనం మంచిదని అనుకుంటున్నం, అలవాటు గూడ పెద్ద సంగతి. వరంగల్ సంగతులు కొట్టినప్పుడు, తెలుగు లిపిల కొట్టినప్పుడు మాత్రం గూగుల్ వరుసకే ఎక్కువ ఓట్లు పడ్డయి.

ఎందుకు గట్ల అనేది కొద్దిగ ఓపికతోని వినుండ్రి. సెర్చ్ ఇంజన్ దగ్గర మంత్రం ఏం లేదు. దాని ప్రోగ్రాములు లింకు మీద లింకు పట్టుకొని పేజీలన్ని తిరిగి, చదివి, ఏ మాట ఏ పేజీల ఉన్నదో రాసి పెట్టుకుంటయి, మనం అడిగినప్పుడు ఆ రాసి పెట్టుకున్నదాంట్లకెల్లి తీసి చూపెడ్తయి. మరి తెలుగుల ఏమున్నది చదువుతానికి? మన పెద్ద పెద్ద పేపర్లు చానవరకు ఈ 2009ల సొంత ఫాంట్లల్ల నడుస్తున్నయి. మన కంటికి అది తెలుగే, ఆ ఫాంట్ ఎక్కించినంక మంచిగ కనబడ్తది, గని లోపల చూస్తె అది ఇంగ్లీష్ అక్షరాల, గుర్తుల కలగాపులగం. గూగులైనా బింగైనా దాన్ని తెలుగు అని ఎట్ల గుర్తుపడ్తది? నిన్న పేపర్ల మన ఊరి చెరువు గురించి వచ్చిన వార్త ఇయ్యాల చెరువు పేరు కొడితె దొరకదు. ఇన్నేండ్ల వార్తలు, జిల్లా ఎడిషన్ల ముచ్చట్లు, రైతుల కష్టాలు, అన్నీ నెట్‌ల ఉన్నట్టే ఉండి లేనట్టే ఉన్నయి. నాకు ఇది నిజంగ మనసుకు కష్టమనిపిస్తది. అన్ని కంప్యూటర్లు తెలుగు అని గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాలల్ల పెట్టుండ్రి అని పేపరోళ్లకు అందరం ఉత్తరాలు రాయాలె, మెయిల్ కొట్టాలె.

యూనికోడ్‌ల ఉన్నది ఎంత అని చూస్తె, తెలుగు వికీపీడియా ఉన్నది, 2003 డిసెంబర్ల మొదలైంది, 2009 నాటికి వ్యాసాలు 40 వేలు దాటినయి, అండ్ల మన పల్లెల పేర్లతోని చిన్న చిన్న పేజీలు చాన ఉన్నయి. ఆ పేజీలల్ల చానవాటిల ఈ గ్రామం ఈ మండలంల ఉన్నది అని ఒక్క లైనే ఉంటది. నర్సంపేట దిక్కు నుంచి వచ్చిన ఒక పిల్లగాడు తన ఊరి పేరు తెలుగుల కొట్టి, ఆ ఒక్క లైన్ కనబడంగనే కుర్చీల మెసలలేదు, ఫ్రెండ్స్‌ను పిలిచి చూపెట్టిండు. నువ్వే ఇంకో పది లైన్లు రాయి తమ్మి, ఊర్ల గుడి, చెరువు, బడి గురించి రాయి అని చెప్పి, ‘మార్చు’ అనే లింకు చూపెట్టిన. తెలుగు కొట్టే లేఖిని సైట్ తెరిచి ఇంగ్లీష్ అక్షరాలతోని కొట్టుకుంట రాసిండు గూడ.

ఇంకో అడ్డం మన సిస్టమ్స్‌ల ఉన్నది. విండోస్ ఎక్స్‌పీల తెలుగు కొడితె కొన్నిట్ల డబ్బాలు కనబడ్తయి, లేకుంటె ఒత్తులు పక్కకు పడి వంకర టింకరగ వస్తది, దాన్ని చూసి నెట్‌ల తెలుగు సక్కగ రాదని జనం ఇడిసిపెడ్తరు. కంట్రోల్ ప్యానెల్‌ల రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ ట్యాబ్‌ల కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైల్స్ అనే దానికి టిక్ పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేసి రీస్టార్ట్ చేస్తె గౌతమి ఫాంట్ దిగి అంత సక్కగయితది. ఇది తెల్వక ఎన్ని ఇండ్లల్ల, ఎన్ని ఆఫీసులల్ల తెలుగు డబ్బాల లెక్క ఉండిపోయిందో. ఎవరికన్న సీడీ లేకుంటె మా సెంటర్‌కు సీపీయూ పట్టుకరండ్రి, దీనికి నేను పైసలు తీసుకోను.

గూగుల్ ఇక్కడ ముందున్నదంటె అది పని చేసి సంపాదించుకున్నది. గూగుల్.కో.ఇన్ పేజీల తెలుగు అని నొక్కితె పేజీ మొత్తం తెలుగుల మారుతది, ఇంగ్లీష్ అక్షరాలతోని కొడితె తెలుగుగ మార్చే సామాను ఇచ్చిండ్రు, 2008ల మ్యాప్ మేకర్ మన దేశానికి ఇచ్చిండ్రు, దాంట్ల ఎవరి ఊరి రోడ్లు వాళ్లే గీసిండ్రు. మా పోరలు ఇద్దరు ములుగు రోడ్డు పక్కపంటి సందులన్ని గీసిండ్రు. బింగ్ గీ దారికి రావాలె. పైసలకు, ఇంజనీర్లకు కొదువ లేని కంపెనీ, హైదరాబాద్‌ల 1998 నుంచి డెవలప్‌మెంట్ సెంటర్ ఉన్నది, తెలుగొచ్చిన ఇంజనీర్లు అండ్ల వందల మంది ఉండి ఉంటరు. వాళ్లు అనుకుంటె కాదా?

రైతుల కోసం గూడ చూసిన. పర్కాల దిక్కు నుంచి ఒక కాక పత్తి, మిర్చి రేట్లు చూడుమని వస్తుంటడు, ఎనుమాముల మార్కెట్ పేరును ఇంగ్లీష్‌ల తలా ఒక తీరుగ రాస్తరు, అందుకే పేరుతోని కొట్టుడు కంటె ఆగ్‌మార్క్‌నెట్ అని సర్కారు సైట్ పేరు కొట్టుడే మంచిది, రెండు ఇంజన్లల్ల అదే పైన్నే వస్తది, అండ్ల రాష్ట్రం, మార్కెట్ ఏరుకొని చూస్కోవచ్చు. రేటు కాయితం మీద రాసిస్తె కాక మడిచి జేబుల పెట్టుకుంటడు, మార్కెట్ల అడిగెటోనికి చూపెడ్తడట.

యాడ్స్ గురించి గూడ చెప్పాలె, ఏ సెర్చ్ ఇంజన్ అయినా ఇది ఒక్కటే. రిజల్ట్స్ పైన, కుడి పక్కన వచ్చేటివి స్పాన్సర్డ్ అని చిన్నగ రాసి ఉంటది, అవి పైసలు కట్టినోళ్లయి. మా దగ్గరికొచ్చే ఒక తమ్ముడు కౌన్సెలింగ్ వెబ్‌సైట్ అనుకొని పైనున్న యాడ్ నొక్కి ఒక కన్సల్టెన్సీకి ర్యాంకు, ఫోన్ నంబర్ అన్నీ ఇచ్చిండు, ఇగ దినాం ఫోన్లే, డొనేషన్ సీటు అని, ఇయ్యాలనే అడ్వాన్స్ కట్టుమని. ఇంట్ల నాయినకు భయం పుట్టింది. సర్కారు సైట్ అంటె చివర్ల ఎన్ఐసి డాట్ ఇన్ అనో, జీఓవీ డాట్ ఇన్ అనో ఉన్నదా చూసుకొనే నంబర్లు కొట్టుండ్రి.

మొత్తం మీద బింగ్ వచ్చుడు నాకు సంతోషం. నెట్ వాడకం లెక్కలు గట్టే కామ్‌స్కోర్ కంపెనీ ప్రకారం అమెరికాల 2009 ఏప్రిల్‌ల నూటికి 64 సెర్చ్‌లు గూగుల్‌వే, 20 యాహూవి, మైక్రోసాఫ్ట్‌వి 8, మన సెంటర్ల చూస్తె గూగుల్ వాటా ఇంకా ఎక్కువుంటది. ఒక్కడే దుకాణం పెట్టిన ఊర్ల ఆడు చెప్పిందే రేటు, ఆడిచ్చిందే సరుకు. బింగ్ బయటికొచ్చే ముందటనే, మే నెలల, గూగుల్ రిజల్ట్స్ పక్కన షో ఆప్షన్స్ అని కొత్త పట్టీ పెట్టింది, వీడియోలు, కొత్త పేజీలు అని ఏరుకునేటట్టు. ఎన్నేండ్లో అట్లనే ఉన్న పేజీ ఇప్పుడు ఎందుకు మారుతున్నదో ఎవరన్న చెప్పొచ్చు. ఇద్దరు పోటీ పడితె బాగుపడేది మనమే. యాహూతోని మైక్రోసాఫ్ట్ మళ్ల మాట్లాడుతున్నదని వార్తలు వస్తున్నయి, రెండు కలిస్తె పోటీ ఇంకా గట్టిగయితదేమో.

పెట్టుకునేటోళ్ల కోసం: ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8ల పైన కుడి పక్క సెర్చ్ డబ్బాల బాణం గుర్తు నొక్కితె ప్రొవైడర్లు మార్చుకోవచ్చు, లైవ్ సెర్చ్ ఉన్నోళ్లకు అదే బింగ్‌కు పోతది. ఫైర్‌ఫాక్స్‌ల గూడ ఆ డబ్బాలనే గూగుల్ పక్కన బింగ్‌ను కలుపుకోవచ్చు, రెండు ఉంచుకోండ్రి, ఒకటి తీసేసి ఒకటి పెట్టుకునే పని లేదు. మా సెంటర్ల బొమ్మలకు, వీడియోలకు బింగ్, తెలుగుకు, ఊరి సంగతులకు గూగుల్ అని ప్రతి మానిటర్ మీద చిన్న చీటీ అంటించిన. బింగ్ పేజీ కింద ఫీడ్‌బ్యాక్ అని లింకు ఉన్నది, మన దేశానికి బీటా తీసేసి ఆ ఎడమ పక్క కేటగిరీలన్ని మాక్కూడ ఇయ్యుండ్రి, తెలుగు పేజీల మీద పని చెయ్యుండ్రి అని నేను రాసి పంపిన, మీరు గూడ తలా రెండు లైన్లు పంపుండ్రి, ఎంత మంది అడిగితె అంత తొందరగ చేస్తరు.